మొదటి పన్నెండు సెకన్లు

"డ్రిల్ అనుకుని మీరంతా నవ్వుకుంటా నిలబడినప్పుడే నిజం నీళ్ళు వచ్చీసాయనుకో. అప్పుడేటి చేస్తావురా?"

స్కూలు గేటు ఊచల మధ్యనుంచి సీతాలు అడిగింది. గేటుకి లోపలివైపు ఆమె కొడుకు లోహిత్ సిగ్గుతో తల వంచుకుని నిలబడ్డాడు. పదిన్నర గంటల విరామం అది. వెనక ఆరో తరగతి సగం మంది ఇటే చూస్తున్నారు.

"అమ్మా, అది మాక్ డ్రిల్. అంటే ఉత్తుత్తిది. సైరన్ మోగుతుంది. మేం కొండెక్కుతాం. టీచర్ హాజరు పిలుస్తారు. దిగి వచ్చేస్తాం. అంతే!"

"అదేరా నా భయం. ఉత్తుత్తిదే కదా అని నువ్వు నింపాదిగా ఎక్కుతావు. ఉత్తుత్తిదని నీళ్ళకి ఎవరు చెప్తారు?"

వెనకనుంచి జితేంద్ర కిసుక్కున నవ్వాడు. లోహిత్‌కి ఇంకా సిగ్గేసింది.

సీతాలు కొంగులోంచి తన ఫోను తీసి ఊచల మధ్యనుంచి లోపలికి చాచింది. "ఇది ఉంచు. సుచరిత టీచర్ని అడిగేను. ఈ ఒక్కరోజుకీ సరే అన్నారు. కొండ మీదికి ఎక్కగానే పక్కింటి దుర్గ దీదీ ఫోనుకి చెయ్యి. మర్చిపోయావో, నేనే పరిగెత్తుకొచ్చీగలను!"

ఫోను చూడగానే లోహిత్ సిగ్గు ఎటు పోయిందో పోయింది. చటుక్కున అందుకున్నాడు.

సీతాలు ఎప్పుడూ అంతే. మబ్బు పడితే తుపానంటుంది. బస్సు పది నిమిషాలు రాకపోతే ఎక్కడో బోల్తా పడిందంటుంది. బతు బస్తీలో వాళ్ళది రేకుల ఇల్లు. ఆ ఇంటి తలుపు పక్కన మేకుకి ఎప్పుడూ ఒక సంచి వేలాడుతూ ఉంటుంది. అందులో రేషన్ కార్డు, టార్చిలైటు, దూది, అయోడిన్, తాడు, లోహిత్ చిన్నప్పటి టీకాల కార్డు, నాలుగు బిస్కెట్ పాకెట్లు ఉంటాయి. నీళ్ళు మళ్ళీ వస్తే ఆ సంచి తగిలించుకుని పరిగెత్తాలన్నమాట. నెలకోసారి పాత బిస్కెట్లు తీసి కొత్తవి పెడుతుంది. పాతవి లోహిత్ తింటాడు. అమ్మ భయాలన్నింటిలో వాడికి నచ్చేది అదొక్కటే.

లోహిత్ సునామీ చూడలేదు. సునామీ వచ్చిన మరుసటి సంవత్సరం పుట్టాడు. వాడికి అది పుస్తకంలో ఒక పాఠం. డిసెంబరులో ఒకరోజు అందరూ దీపాలు పెట్టి మౌనంగా నిలబడటం. అంతే.

కానీ ఫోనంటే మాత్రం వాడికి చాలా తెలుసు.

వాళ్ళ దీవుల్లో ఇంటర్నెట్ నత్తలా నడుస్తుంది. ఒక్క పాట దింపుకోవాలంటే స్నానం చేసి, భోంచేసి వచ్చినా సగమే దిగి ఉంటుంది. అందుకని పోర్ట్ బ్లెయిర్‌లో పాటలు, సినిమాలు, బొమ్మలు అన్నీ ఫోనులోంచి ఫోనులోకే నడుస్తాయి. ఎవరో ఒకరు చెన్నైనుంచో విశాఖపట్నంనుంచో ఓడలో వచ్చినప్పుడు ఫోను నిండా తెస్తారు. ఓడ దిగేలోపే సగం మందికి ఇచ్చేస్తారు. దానికి వైరు అక్కర్లేదు. నెట్ అక్కర్లేదు. రెండు ఫోన్లు దగ్గర దగ్గరగా ఉంటే చాలు.

షేరింగ్ యాప్ తెరవగానే తెరమీద గుండ్రాలు కనిపిస్తాయి. నీళ్ళలో గులకరాయి వేసినట్టు ఒకదాని వెనక ఒకటి బయటికి సాగుతాయి. అలా సాగి సాగి, పక్కనున్న ఫోను పేరు పట్టుకొస్తాయి. ఆ పేరు మీద నొక్కితే ఇక్కడున్న పాట అక్కడ ఉంటుంది. విచిత్రమేమిటంటే, ఇక్కడా ఉంటుంది!

ఆ సంగతి మొదటిసారి చూసినప్పుడు సీతాలు రెండు ఫోన్ల మధ్య అరచెయ్యి అడ్డం పెట్టింది. పాట ఆగలేదు. చెయ్యి తిప్పి తిప్పి చూసుకుంది.

"చల్లగా లేదు, వెచ్చగా లేదు. నా చేతిలోంచే దూరి పోయిందేటిరా?" అంది. ఆ మాట అంటున్నప్పుడు ఆమె కళ్ళు చిన్నపిల్ల కళ్ళలా అయిపోయాయి. వెంటనే మళ్ళీ భయం వచ్చింది. "మధ్యలో ఎక్కడైనా పడిపోతే?"

"పడదమ్మా! వెళితే మొత్తం వెళుతుంది. లేకపోతే అసలు వెళ్ళదు" అన్నాడు లోహిత్.

నాన్న ఎర్రయ్య ఫోనులో కూడా ఆ యాప్ వాడే పెట్టాడు. పక్క ఫోన్లలో కనబడేలా ఆ ఫోనుకి 'నాన్న బోటు' అని పేరు కూడా వాడే పెట్టాడు.

* * *

పదకొండున్నరకి పిల్లలందరూ మైదానంలో వరసగా నిలబడ్డారు. లోహిత్ జేబులో ఫోను పెట్టుకుని రికార్డింగ్ నొక్కాడు.

సుచరిత టీచర్ మైకు పట్టుకున్నారు. "యే సిర్ఫ్ మాక్ డ్రిల్ హై. ఇది ప్రాక్టీస్ మాత్రమే. నిజంగా ఏమీ జరగలేదు. ఎవరూ భయపడకండి, తోసుకోకండి."

అప్పుడు సైరన్ మోగింది.

లోహిత్ అలాంటి చప్పుడు ఎప్పుడూ వినలేదు. ముందు ఎక్కడో భూమి అడుగున మూలిగినట్టు మొదలైంది. మెల్లగా పైకి లేచింది. ఇంకా పైకి. స్కూలు గోడలు, కొబ్బరిచెట్లు, ఆకాశం అన్నీ ఆ చప్పుడుతో నిండిపోయినట్టు అనిపించింది. చెట్ల మీది చిలుకలన్నీ ఒక్కసారి లేచిపోయాయి. లోహిత్ చేతుల మీద రోమాలు నిక్కబొడుచుకున్నాయి. పక్కనున్న జితేంద్ర నవ్వు ఆపేశాడు.

"సముందర్ కా పానీ ఆ రహా హై! సముద్రం నీళ్ళు వస్తున్నాయి! సబ్ ఊపర్ చలో! అందరూ పైకి! పైకి!" టీచర్ గొంతు మైకులో మారుమోగింది.

వందల కాళ్ళు కొండవైపు పరుగెత్తాయి. ఎర్రదుమ్ము లేచింది. అది ముక్కులోకి పోయి లోహిత్ "హాఛ్!" మని గట్టిగా తుమ్మాడు.

కొండపైనుంచి చూస్తే సముద్రం నీలంగా, ఏమీ తెలియనట్టు పడుకుని ఉంది. లోహిత్ దుర్గ దీదీకి ఫోను చేసి "పైకి వచ్చేశాం" అని చెప్పాడు. తరవాత రికార్డింగ్ విన్నాడు. సైరన్ మోగగానే రోమాలు మళ్ళీ లేచాయి. ఇంత పెద్ద చప్పుడు ఇంత చిన్న పెట్టెలో ఎలా ఇమిడిందో!

కానీ మొదట్లో టీచర్ మాటలు వాడికి నచ్చలేదు. "ప్రాక్టీస్ మాత్రమే" అని ముందే చెప్పేస్తే ఇంక మజా ఏముంది? సినిమాలో అలా చెబుతారా?

ఆ మాటలు సరిగ్గా పన్నెండు సెకన్లు ఉన్నాయి. లోహిత్ ఆ పన్నెండు సెకన్లనీ కత్తిరించేశాడు. మిగిలినదానికి 'సునామీ టుడే' అని పేరు పెట్టాడు.

పన్నెండున్నరకి స్కూలు విడిచిపెట్టారు. శనివారం కదా. దారిలో జితేంద్ర అది విన్నాడు. వాడి నోరు తెరుచుకుపోయింది.

"అరే యార్! అసలుదానిలా ఉంది! పంపు, పంపు!"

జితేంద్ర దగ్గర వాళ్ళ అన్న పాత ఫోను ఉంటుంది. తెరమీద గుండ్రాలు సాగాయి. పేరు దొరికింది. లోహిత్ నొక్కాడు.

టిక్కున చప్పుడైంది. అంతే.

* * *

రెండు దాటింది. సీతాలు చేపల పులుసు దించి, గుమ్మంవైపు చూస్తోంది. ఎర్రయ్య రాత్రంతా వేటాడి పొద్దున్నే జంగ్లీఘాట్ జెట్టీకి వచ్చాడు. చేపలు దింపి, వల సర్దుకుని, రెండింటికి భోజనానికి వస్తానన్నాడు.

"రెండూ పది అయిపోనాది. రోడ్డు దాటుతుంటే ఏ లారీయో…"

ఆమె మాట పూర్తి కాలేదు. చేపలమ్మే కాళమ్మ రొప్పుతూ వీధిలో పరిగెత్తుకొచ్చింది. నెత్తిన బుట్ట లేదు. కాళ్ళకి చెప్పులు లేవు.

"ఓలమ్మో సీతాలూ! సైరన్ మోగిందటే! నీళ్ళు వస్తున్నాయట! బుట్ట జెట్టీకాడే పారీసి వచ్చీసేను. పద, కొండెక్కు!"

పదకొండేళ్ళుగా సీతాలు ఎదురుచూసిన మాట అది. ఆమె చెయ్యి దానంతటదే మేకుకున్న సంచి అందుకుంది. రెండో చెయ్యి లోహిత్ మణికట్టు పట్టుకుంది.

"మరి మీ అన్నయ్యో?" అని కాళమ్మని అడిగింది.

"ఎర్రయ్యన్నా? లోతుకి పోయాడే! మూడు బోట్లు పోయాయి. డీజిలు లేదు, పొద్దున్నే వేటనుంచి వచ్చానని అంటానే ఇంజను తిప్పీసాడు. మనిషి మొహంలో నెత్తురుచుక్క లేదు."

ఎందుకు పోయాడో సీతాలుకి తెలుసు. సునామీ వచ్చిన రోజు జెట్టీకి కట్టి ఉన్న ఎర్రయ్య పడవ అగ్గిపుల్లల్లా ముక్కలైపోయింది. ఆ రోజు లోతు నీళ్ళలో ఉన్న పడవలకి ఏమీ కాలేదు. పెద్ద అల వాటి కిందనుంచి జారిపోయింది. అందుకే జెట్టీవాళ్ళందరూ కలిసి ఒక కట్టుబాటు పెట్టుకున్నారు. సైరన్ వింటే పడవలు లోతుకి పోవాలి. ఒంటరిగా ఎవరూ పోకూడదు. ముందు పడవ వెనక పడవకి కనబడుతూ ఉండాలి.

"నువ్వు విన్నావా సైరను?" సీతాలు అడిగింది.

"ఈ చెవుల్తో విన్నాను! ఐసు బండి బంగారురాజు ఫోన్లో. ఈవేళదే. ఓలబ్బో, ఆ చప్పుడూ! మాస్టారమ్మ ఎవరో హిందీలో అరుస్తోంది. పిల్లలు పరిగెడుతున్నారు. పాపం ఒక పిల్లోడైతే ఆ పరుగులోనే తుమ్మాడు కూడాను!"

లోహిత్ ఆగిపోయాడు.

"అమ్మా…" అన్నాడు.

"నడువు ముందు!"

"అమ్మా, ఆ తుమ్ము నాదే."

సీతాలు ఆగింది. లోహిత్ నేలవైపు చూస్తూ మొత్తం చెప్పేశాడు. డ్రిల్ సంగతి, రికార్డింగ్ సంగతి, పన్నెండు సెకన్ల సంగతి. కాళమ్మ నెత్తిన చెయ్యి పెట్టుకుని గుమ్మంలో కూలబడింది.

"ఓరి నీ తుమ్ము బంగారం గానూ! నా బుట్టలో ఆరు కేజీల కొక్కరి చేపలున్నాయిరా!"

సీతాలు ఎర్రయ్యకి ఫోను చేసింది. అవతలివాళ్ళు కవరేజ్‌లో లేరని ఒక గొంతు మళ్ళీ మళ్ళీ చెప్పింది.

తిడుతుందని లోహిత్ ఎదురుచూశాడు. తిట్టలేదు. భయపడుతుందని చూశాడు. భయాల గురించి కూడా ఒక్క మాట అనలేదు. సంచి భుజానికి సర్దుకుని బస్సుస్టాపువైపు నడిచింది. అమ్మ అంత మౌనంగా ఉండటం లోహిత్ ఎప్పుడూ చూడలేదు.

* * *

బస్సుస్టాపు పక్కనే వాసుదేవ్ భయ్యా మొబైల్ షాపు. జితేంద్రకి అన్న అతను.

లోహిత్ పరుగున లోపలికి వెళ్ళాడు. "భయ్యా, నేను మా ఫోనులోది డిలీట్ చేసేశాను! ఇప్పుడు పోయినట్టే కదా?"

వాసుదేవ్ రిపేరు చేస్తున్న ఫోను కింద పెట్టాడు. "నీ ఫోనులో పోయింది. జితేంద్ర నాకు ఇచ్చాడు. నేను బంగారురాజుకిచ్చాను. అతను ఐసు తీసుకెళ్ళి జెట్టీలో ఎంతమందికిచ్చాడో! వాళ్ళ ఫోన్లలో ఎలా పోతుంది?" ఆగి తల పట్టుకున్నాడు. "అయినా నేనూ అడగలేదు. ఇది ఎక్కడిదిరా అని ఒక్క మాట అడిగుండాల్సింది."

లోహిత్ చేతిలోని ఫోను చూసుకున్నాడు. అరచేతిలో పట్టేంత పెట్టె. అందులోంచి పోయిన ఒక్క ముక్క పాతిక అడుగులు దాటలేదు. ఎవరి దగ్గరనుంచీ పాతిక అడుగులు దాటలేదు. అయినా కొండ దిగి, బస్తీ దాటి, ఐసు బండెక్కి, జెట్టీ దాటి, సముద్రం మీదికి వెళ్ళిపోయింది. ఎక్కడా తరగలేదు. ఎక్కడా అరగలేదు. ఇచ్చినవాళ్ళందరి దగ్గరా నిండుగా ఉంది. తలచుకుంటే వాడికి ఒళ్ళు జలదరించింది.

"మరి నేను కోసేసిన ముక్క వెనక్కి వస్తుందా భయ్యా? టీచర్ చెప్పిన ముక్క?"

"దాని మీదే సేవ్ చేసేశావు కదా. రాదు."

"అయితే నేనే చెబుతాను" అన్నాడు లోహిత్.

షాపులో ఫాను ఆపేశారు. లోహిత్ రికార్డింగ్ నొక్కాడు. మొదటిసారి ఏడుపొచ్చింది. రెండోసారి మధ్యలో మాట మర్చిపోయాడు. మూడోసారి గట్టిగా ఊపిరి పీల్చుకున్నాడు.

"నేను లోహిత్‌ని. బతు బస్తీ ఎర్రయ్య కొడుకుని. మీరు విన్న సైరన్ మా స్కూల్లో డ్రిల్‌ది. ఇది ప్రాక్టీస్ మాత్రమే అని టీచర్ ముందే చెప్పారు. ఆ మాట నేనే కోసేశాను. మధ్యలో తుమ్మింది కూడా నేనే. నీళ్ళు రావట్లేదు. తప్పు నాది. నాన్నా, వచ్చేయి."

షాపులో ఉన్న నలుగురికీ దాన్ని ఇచ్చాడు. షాపులోనే ఉన్న జితేంద్ర కూడా తల్లీకొడుకులతో బస్సెక్కాడు. వాడు దారంతా నవ్వలేదు.

* * *

జెట్టీలో అప్పటికే నిజం తెలిసింది. ఎవరో పోర్టు ఆఫీసుకి ఫోను చేసి కనుక్కున్నారు. మూడు బోట్ల సంగతీ అక్కడే చెప్పారు. వాళ్ళు చూస్తామన్నారు. కానీ సముద్రం మీద ఉన్నవాళ్ళకి ఎవరు చెబుతారు? అవి చిన్న పడవలు. వాటిలో వైర్‌లెస్ సెట్లు లేవు. అన్నింటికంటే ముందు పోయింది ఎర్రయ్య పడవ. డీజిలు లేనిదీ అదే. అయిదున్నరకల్లా చీకటి పడుతుంది.

ఐసు బండి పక్కన బంగారురాజు తల దించుకుని నిలబడ్డాడు. "నేనేమో పెద్ద పుణ్యం చేస్తన్నాననుకుని స్పీకరు పెట్టి మరీ వినిపించాను" అన్నాడు.

లోహిత్ ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్ళాడు. వల కుట్టేవాళ్ళ దగ్గరికి, టీ కొట్టు దగ్గరికి, చేపలు తూచేవాళ్ళ దగ్గరికి.

"ఓహో, తుమ్ముల బాబు వచ్చాడ్రోయ్!" అని ఒకాయన వెక్కిరించాడు. నలుగురు నవ్వారు. లోహిత్‌కి ముఖం మండిపోయింది. అయినా కదల్లేదు.

"ఇచ్చీసి ఎల్లు. తరవాత వింటాను" అన్నాడు ఇంకొకాయన.

"కాదు బాబాయ్, ఇప్పుడే వినండి. అయ్యేదాకా ఇక్కడే నిలబడతాను."

ఆయన లోహిత్ ముఖం చూసి, ఫోను చెవి దగ్గర పెట్టుకున్నాడు.

అప్పుడు నూకయ్య తాత లేచాడు. జెట్టీలో అందరికంటే పెద్దవాడు. ముక్కుపొడుం పీల్చి, తుండు దులిపాడు.

"నా పడవ తిప్పుతాను. వాళ్ళు కట్టుబాటు తప్పరు. ఒకరికొకరు కనబడుతూనే ఉంటారు. నేను వెనకున్న జోగులు బోటు కాడికి పోతాను. జోగులు అప్పయ్య కాడికి పోతాడు. అప్పయ్య ఎర్రయ్య కాడికి పోతాడు."

"అయితే మాటతో చెప్పీ తాతా" అన్నాడు బంగారురాజు. "ఫోనెందుకు?"

"మాట మూడు నోళ్ళు మారితే ఏటవుద్దో నీకు తెలీదా? పైగా ఎర్రయ్య తన చెవుల్తో సైరన్ విన్నాడు. ఎవరో వచ్చి ఒడ్డుకి రమ్మంటే వస్తాడా? కొడుకు గొంతయితే నమ్ముతాడు." నూకయ్య తాత లోహిత్ ముందు తన ఫోను చాచాడు. "ఏదీ, వెయ్యి. మళ్ళీ నేను వాళ్ళకి ఎలా వెయ్యాలో అది కూడా నేర్పు."

లోహిత్ నేర్పాడు. ఈ బొమ్మ నొక్కాలి. గుండ్రాలు వస్తాయి. అవతలి పడవలోని ఫోను పేరు తేలుతుంది. దాని మీద నొక్కాలి. పూర్తిగా వెళ్ళేదాకా పడవ దూరం జరగకూడదు.

"వల విసిరి చేప తగిలేదాకా ఆగినట్టు" అన్నాడు నూకయ్య తాత. "తెలిసింది."

"తాతా, ముందు వాళ్ళని మొత్తం వినమని చెప్పండి."

"చెప్తాన్రా తుమ్ముల బాబూ."

పడవ టకటకమంటూ కదిలింది. చిన్నదైంది. ఇంకా చిన్నదైంది. నీళ్ళ వెలుగులో కలిసిపోయింది.

* * *

సీతాలు జెట్టీ చివర కూర్చుంది. సంచి ఒళ్ళో పెట్టుకుంది. పక్కన లోహిత్, వాడి పక్కన జితేంద్ర.

గంట గడిచింది.

లోహిత్ సముద్రం చూస్తూ కూర్చున్నాడు. రోజూ చూసే సముద్రమే. కానీ ఈవేళ అది ఎంత పెద్దదో వాడికి మొదటిసారి తెలిసింది. ఎటు చూసినా అంతు లేదు. అందులో ఎక్కడో నాలుగు చుక్కలు. ఒక చుక్కనుంచి ఇంకో చుక్కకి తన గొంతు వెళుతోంది. వైరు లేదు, దారం లేదు. ఒక పడవలోంచి పక్క పడవలోకి, గాలిలో. మొదటి మాటనుంచి చివరి మాటదాకా, ఒక్క అక్షరం తగ్గకుండా.

ఇప్పుడు జోగులు బాబాయ్ దగ్గర ఉందేమో. ఇప్పుడు అప్పయ్య మావయ్య వింటున్నాడేమో.

"అమ్మా, ఏదైనా అనవూ" అన్నాడు మెల్లగా.

సీతాలు అరచెయ్యి చాచి, సముద్రానికి ఎదురుగా గాలిలో పట్టుకుంది. ఆ రోజు రెండు ఫోన్ల మధ్య పెట్టినట్టే. ఏదో తగులుతుందేమోనని చూస్తున్నట్టు ఉంది. లోహిత్ కూడా తన చెయ్యి పక్కన పెట్టాడు. ఉప్పుగాలి తప్ప ఏమీ తగల్లేదు.

సూర్యుడు కొండల వెనక్కి జారుతున్నాడు. నీళ్ళు ముందు పసుపుగా, తరవాత కాషాయంగా మారాయి. జెట్టీలో అందరూ పనులు ఆపి చూస్తున్నారు. టీ కొట్టతను పొయ్యి ఆర్పకుండా అలాగే ఉంచాడు.

"అదిగో! వో దేఖో!" జితేంద్ర లేచి నిలబడ్డాడు.

ఒక పడవ వస్తోంది. ఒక్కటే. దగ్గరయ్యేకొద్దీ తెల్ల తుండు కనిపించింది. నూకయ్య తాత.

సీతాలు కూడా లేచింది. ఆమె చూపు ఆ పడవ వెనక్కి వెళ్ళింది. వెనక ఎవరూ లేరు. ఆమె చెయ్యి లోహిత్ భుజం మీద బిగుసుకుంది.

తాత ఏదో అరుస్తున్నాడు. ఇంజను చప్పుడులో వినిపించలేదు. ఆయన చేత్తో ఫోను పైకెత్తి ఊపాడు. మళ్ళీ దించి, వేలితో ఏదో నొక్కాడు.

లోహిత్ గబగబా యాప్ తెరిచాడు. తెరమీద గుండ్రాలు నీళ్ళమీదికి సాగినట్టు సాగాయి. ఒకటి, రెండు, మూడు. పడవ ఇంకా జెట్టీకి తగల్లేదు. తాడు కూడా విసరలేదు. అంతలో చేతిలోని ఫోను వణికింది.

'నూకయ్య తాత' నుంచి ఒక ఫైలు. దాని పేరు 'నాన్న బోటు'. పడవనుంచి పడవకి, వెళ్ళిన దారినే తిరిగొచ్చింది.

తీసుకుంటావా అని ఫోను అడిగింది. లోహిత్ వెంటనే నొక్కాడు.

నిమిషం పొడవుంది. జనం చుట్టూ మూగారు. "పెద్దగా పెట్టు", "నాకూ పంపు" అన్నారు ఒకరిద్దరు. "ముందు విననివ్వండి" అని లోహిత్ ఫోనుని అమ్మ చెవికీ తన చెవికీ మధ్య పట్టుకున్నాడు.

ఇంజను చప్పుడు. పడవ అంచుకి నీళ్ళు కొట్టుకునే చప్పుడు. గాలి.

పది సెకన్లు. మాట లేదు.

ఇరవై. గాలి, నీళ్ళు, అంతే.

"ఖాళీది వచ్చినట్టుందిరా" అని జితేంద్ర గుసగుసలాడాడు. "కాస్త ముందుకి జరుపు." వాడే వేలు చాచాడు.

లోహిత్ ఆ వేలు పట్టుకుని ఆపాడు. "వద్దు. మొదటినుంచీ వినాలి."

ముప్పై. ఎక్కడో ఒక పక్షి అరిచింది. ఆ అరుపు ఫోనులోదో బయటిదో తెలియలేదు. నలభై. ఎవరో గొంతు సవరించుకున్నారు. మళ్ళీ నీళ్ళు. మళ్ళీ గాలి.

అప్పుడు నెమ్మదిగా, బొంగురుగా, నాన్న గొంతు వచ్చింది.

"లోహీ… విన్నాన్రా. మొత్తం విన్నాను. అప్పయ్య డీజిలు పోశాడు, అందరం వస్తన్నాం. అమ్మ ఆ సంచి తెచ్చే ఉంటాది, అందులో బిస్కెట్లు తీసి ఉంచమను. పొద్దున్నించీ ఏటీ తినలేదు."